ఉన్నదంతా

2025 జులైలో ఐర్లాండ్‌లోని లెటర్‌కెన్నీ ఊరంతా పచ్చ, పసుపు జెండాలు కట్టుకుంది. డోనెగాల్ కౌంటీ జట్టు ఆల్ ఐర్లాండ్ గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు చేరింది. 27వ తేదీ ఆదివారం డబ్లిన్ క్రోక్ పార్క్‌లో కెర్రీతో ఆట. 1992లో ఒకసారి, 2012లో ఒకసారి శామ్ మగ్వైర్ కప్పును ఇంటికి తెచ్చుకున్న కౌంటీ ఇది, మూడోసారి కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తోంది. 2012లో కెప్టెన్‌గా ఆ కప్పు ఎత్తిన మైకేల్ మర్ఫీది లెటర్‌కెన్నీ పక్కనే ఉన్న గ్లెన్‌స్విలీ. కౌంటీ జట్టుకు ఆడటం మానేసిన మనిషి, 2025లో మళ్లీ జెర్సీ వేసుకుని వచ్చాడు. ఈ ఆట ఆడేవాళ్లెవరికీ జీతం ఉండదు. పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుని, సాయంత్రం వానలో తడుస్తూ ప్రాక్టీసు చేసి, ఇంటికి పోయి పడుకుని, తెల్లారి మళ్లీ ఉద్యోగానికి పోతారు.

ఆ నెలంతా నా చెవిన ఎక్కువగా పడిన మాట ఒకటుంది. గివ్ ఇట్ సాక్స్!

మేజోళ్ల ఊసే లేదు ఇందులో. ఒళ్లు దాచుకోకుండా, ఉన్న బలమంతా పెట్టి చెయ్యమని దానర్థం. ఐర్లాండ్ మొత్తం వాడతారు. గట్టు మీద నిలబడ్డ తండ్రి మైదానంలో పరుగెత్తే కొడుకును చూసి అరుస్తాడు. పెళ్లి విందులో పాడటానికి లేచినవాణ్ని చూసి స్నేహితులు అంటారు. బురదలో దిగబడ్డ కారును నలుగురు తోస్తుంటే ఐదోవాడు అంటాడు. అయిపోయిన పని గురించి కూడా అంటారు, హి గేవ్ ఇట్ సాక్స్ అని. అలా అన్నప్పుడు గెలిచాడా ఓడాడా అన్నది లెక్కలోకి రాదు. ఓడినవాడి భుజం తట్టి కూడా అదే మాట అంటారు, అప్పుడది ఇంకా పెద్ద మెప్పు. దగ్గరితనం ఉన్నచోట నోటితో అనే మాటే తప్ప ఆఫీసు ఉత్తరంలో రాసేది కాదు.

ఇలాంటివి ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. పుల్ అవుట్ ఆల్ ద స్టాప్స్ అన్నది చర్చిలో ఆర్గన్ వాయించేవాళ్ల నుంచి వచ్చింది. ఆర్గన్ ముందు గుబ్బల్లాంటి పిడులుంటాయి, ఒక్కో పిడి లాగితే ఒక్కో వరస గొట్టాల్లోకి గాలి వెళ్లి పలుకుతుంది. అన్నీ లాగేస్తే గుడి దద్దరిల్లిపోతుంది. హ్యామర్ అండ్ టాంగ్స్ అంటే కమ్మరి కొలిమిలో సుత్తి, పటకారు. ఫ్లాట్ టు ద మ్యాట్ అంటే కారు యాక్సిలరేటర్ కింద పరిచిన చాపకు ఆనేలా తొక్కడం. 1972లో మొదలైన డోనెగాల్ ఇంటర్నేషనల్ ర్యాలీకి లెటర్‌కెన్నీయే కేంద్రం కాబట్టి, జూన్ నెల వచ్చిందంటే ఇక్కడి పిల్లల నోట కూడా అదే మాట.

ఈ మాటల మీద మోజు ఎక్కువగా ఉన్నవాడు మా తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు. ఊరుగాని ఊళ్లో వరుసలు మనమే కలుపుకుంటాం. కోరుట్ల కుర్రాడు. నేను ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. తమ్ముడు మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడు. లెటర్‌కెన్నీలో మనవాళ్లు ఎక్కువగా మూడు దారుల్లో వచ్చినవాళ్లే. ఆసుపత్రిలో డాక్టర్లుగా, నర్సులుగా వచ్చినవాళ్లు కొందరు. ఇక్కడి పాత ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2022లో అట్లాంటిక్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో కలిసింది, అందులో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చినవాళ్లు కొందరు. 2020లో టీసీఎస్ ఇక్కడి ప్రామెరికా సిబ్బందిని తనలో చేర్చుకున్నాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ఇంకొందరు. తమ్ముడు రెండో దారిలో వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డాడు. పెళ్లయింది. ఏడేళ్ల కూతురు ఓ'డానెల్ పార్క్ వైపు పిల్లల ఫుట్‌బాల్‌కు వెళ్తుంది.

కష్టపడి పైకొచ్చినవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. చదువుకునే రోజుల్లో రాత్రిళ్లు ఒక వంటింట్లో గిన్నెలు తోమి, పొద్దున క్లాసుకు పోయేవాడు. లెటర్‌కెన్నీకి రైలు లేదు, 1960 నాటికే పట్టాలు మూతపడ్డాయి. ఇంటర్వ్యూ అంటే తెల్లవారుజామున డబ్లిన్ బస్సు ఎక్కి, దాదాపు నాలుగు గంటలు ప్రయాణం చేసి, ఇంటర్వ్యూ ఇచ్చి, అదే రోజు రాత్రి గిన్నెల దగ్గరికి తిరిగి రావడం. కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ కథ చెప్పి, చివర్న గివ్ ఇట్ సాక్స్ అంటాడు. పిల్లలు దాన్ని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకుంటారు.

ఆ జులైలోనే వాళ్లమ్మ వచ్చింది. కొడుకు ఇల్లు, మనవరాలు, ఈ దేశం అన్నీ మొదటిసారి చూడటం. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నలభై ఏళ్లుగా బీడీలు చేసిన మనిషి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లల్లో బియ్యం వచ్చింది బీడీల మీదే. మగవాళ్లు దుబాయికో బొంబాయికో పోతే, ఇంటి ముందర అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు సంసారాన్ని లాక్కొచ్చారు. పెద్దమ్మ భర్త తమ్ముడి చిన్నప్పుడే పోయాడు.

బీడీ చేయడం ఎట్లా అని నా కూతురు అడిగితే, ఒక కాగితం ముక్క తీసుకుని చూపించింది. తునికాకును రాత్రే నీళ్లలో తడిపి పెట్టాలి. పొద్దున రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. ఎడమ చేతిలో ఆకు, అందులో చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేలికొనలతో ఒత్తుతూ చుట్టాలి. దారం రెండు చుట్లు తిప్పి, పైన మూతిని బొటనవేలి కొసతో లోపలికి మడిచి నొక్కాలి. ఇదంతా మనం చెప్పుకున్నంత సేపు పట్టదు. కాగితం ఆమె వేళ్ల మధ్య ఒక్కసారి గిర్రున తిరిగింది, బీడీ అయిపోయింది. పొద్దున్నుంచి వంగి కూర్చుంటే ఎనిమిది వందలు, ఒంట్లో బాగుంటే వెయ్యి. కూలి వెయ్యికింత అని లెక్క.

వచ్చిన వారంలో కొడుకు ఆమెకు కొత్త ఫోను కొనిచ్చాడు. బొటనవేలు పెడితే తెరుచుకునే ఫోను. ఎన్నిసార్లు పెట్టినా అది తెరుచుకోదు.

“గట్టిగా పెట్టమ్మా. అట్ల కాదు, నిండుగా పెట్టు,” అంటాడు కొడుకు.

“పెట్టిన బిడ్డా.”

“గివ్ ఇట్ సాక్స్ అమ్మా!” అని నవ్వాడు. అందరం నవ్వాం. పెద్దమ్మ కూడా నవ్వింది. పల్లెటూరి మనిషి, కొత్త ఫోను, అలవాటు కావాలి కదా అనుకున్నాం. చివరికి నాలుగంకెల నంబరు పెట్టి ఇచ్చాడు. తన పుట్టిన సంవత్సరం పెడితే మరిచిపోదని అదే పెట్టాడు.

ఒకరోజు సాయంత్రం మనవరాలి ఆట చూడటానికి మాతోపాటు మైదానానికి వచ్చింది. సన్నటి తుంపర. చుట్టూ తల్లిదండ్రుల అరుపులు. పెద్దమ్మ కొంగు తల మీద కప్పుకుని చెవి ఒగ్గి వింది.

“బిడ్డా, అందరు సాక్సులు సాక్సులు అంటున్నరేంది? పిల్లలు తొడుక్కునే ఉన్నరు గదా?”

కొడుకు అర్థం చెప్పబోతుంటే, పిల్లలకు ఆట నేర్పే పెద్దాయన పక్కనే ఉన్నాడు, ఆవిడ ఏమడిగిందో చెప్పమన్నాడు. చెప్పాం. ఆయన చాలా శ్రద్ధగా, పెద్దమ్మ ముఖంలోకే చూస్తూ జవాబిచ్చాడు. ఆట అయిపోయి బయటికి వచ్చినప్పుడు, నీలో ఇంకేమీ మిగిలి ఉండకూడదు, అంతా అక్కడే పెట్టి రావాలి, దాన్నే మేం అలా అంటాం అన్నాడు. కొడుకు తెలుగులో చెప్పాడు. పెద్దమ్మ తలూపి, “మంచి మాటనే,” అంది.

మా పక్కింట్లో ఎనభై దాటిన ముసలమ్మ ఒంటరిగా ఉంటుంది. ఆమె పుట్టిల్లు పశ్చిమాన సముద్రపొడ్డున ఉన్న రాసెస్ ప్రాంతం. ఎప్పుడు చూసినా చేతిలో ఉన్ని, సూదులు ఉంటాయి. ఆమెకు తెలుగు రాదు, పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. నేను మధ్యలో కూర్చుంటే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఒకరోజు సాక్సుల మాట వచ్చింది. ముసలమ్మ సూదులు పక్కన పెట్టి వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పింది.

ఆ కాలంలో డోనెగాల్ పడమటి ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర మేజోళ్లు అల్లేవారు. వ్యాపారి నూలు తూకం వేసి ఇస్తాడు. అల్లి పట్టుకెళ్తే జతకింత అని కడతాడు. చాలాసార్లు చేతికి డబ్బు రాదు, ఆయన కొట్టులోనే టీ, చక్కెర, పిండి తీసుకోవాలి, వాటి ధర ఆయన చెప్పిందే. గ్లెంటీస్ వైపు పుట్టిన ప్యాట్రిక్ మగిల్ ఈ బతుకులనే రాశాడు. 1915లో వచ్చిన ఆయన నవల ద రాట్ పిట్‌లో, నూలు కోసం చలికాలంలో సముద్రపు పాయ దాటి నడిచిపోయే ఆడవాళ్లు కనిపిస్తారు. పొద్దస్తమానం అల్లినా జతకు పెన్నీ చిల్లరే. ఆ ఇళ్లలో పిల్లల్ని కూడా ఊరికే కూర్చోబెట్టేవారు కాదు. మే నెలలో, నవంబరులో లెటర్‌కెన్నీలో కూలి సంత జరిగేది. పదీ పన్నెండేళ్ల పిల్లలు మూట చంకన పెట్టుకుని నిలబడితే, రైతులు చూసి ఆరు నెలలకు కుదుర్చుకుని పోయేవారు. మార్కెట్ స్క్వేర్‌లో ఆ పిల్లల విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి.

నేను ఇదంతా తెలుగులో చెప్తుంటే పెద్దమ్మ ఎక్కడా ఆశ్చర్యపోలేదు. “మా దిక్కు ఉగాదికి జీతాలకు కుదిరినట్టే,” అని, వరుసగా ప్రశ్నలు వేసింది.

“నూలు తక్కువ తూచేటోడా?”

తూచేవాడట.

“తక్కువ పడ్డ నూలు ఎవలు కొనాలె?”

అల్లేవాళ్లే.

“బాగలేవని కొన్ని పక్కకు తీసేటోడా? తీసినయి మళ్ల ఇచ్చేటోడా, ఆడనే ఉంచుకునేటోడా?”

ముసలమ్మ కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. ఇవన్నీ ఈమెకు ఎవరు చెప్పారు అంది. నేను పెద్దమ్మ పని గురించి చెప్పాను. ఆకు కార్ఖానా వాళ్లు తూచి ఇస్తారని, అందులో సగం చిల్లులు పడ్డవే ఉంటాయని, తక్కువ పడితే బజార్లో సొంత డబ్బుతో కొనాలని, తెచ్చిన బీడీల్లో నచ్చనివి తీసి అవతల పారేస్తారని చెప్పాను. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, పీఎఫ్ వచ్చింది, తెలంగాణ వచ్చాక పింఛను వచ్చింది. తూకం మాత్రం ఇంకా అవతలివాడి చేతిలోనే ఉంది. ముసలమ్మ లేచి వెళ్లి లోపలి నుంచి ఒక జత ఉన్ని మేజోళ్లు తెచ్చి పెద్దమ్మ ఒళ్లో పెట్టింది. తను అల్లినవే. మా నాయనమ్మ వేల జతలు అల్లింది, ఒక్క జత తను తొడుక్కోలేదు, నువ్వు తొడుక్కో అంది.

ఫైనల్‌లో డోనెగాల్ ఓడిపోయింది. కెర్రీకి ఒక గోలు, 26 పాయింట్లు. డోనెగాల్‌కు గోలు లేదు, 19 పాయింట్లే. తెల్లారి ఊళ్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, దే గేవ్ ఇట్ సాక్స్. ఆటగాళ్లను ఒక్క మాట అన్నవాళ్లు నాకు కనిపించలేదు.

ఆగస్టులో ఒక శ్రావణ శనివారం తమ్ముడి ఇంట్లో భోజనాలు పెట్టారు. యూనివర్సిటీ పిల్లలు ఇరవై మంది దాకా వచ్చారు. ఉద్యోగాల వేట జోరుగా ఉన్న సమయం, అందరి ముఖాల్లో దిగులు. వాళ్లకు ధైర్యం చెప్పడానికి తమ్ముడు లేచి మాట్లాడాడు. డోనెగాల్ జట్టు సంగతితో మొదలుపెట్టి, తన గిన్నెల సంగతి, డబ్లిన్ బస్సు సంగతి చెప్పాడు. మనసులోంచి వచ్చిన మాటలే.

“నాకు వెనకాల ఆస్తి లేదు. సిఫార్సు చేసేవాళ్లు లేరు. నన్ను ఎత్తుకుని ఇక్కడ దింపినవాళ్లు ఎవరూ లేరు. నా దగ్గరున్నదంతా పెట్టాను. నాలో ఏమీ మిగుల్చుకోలేదు. మీరు కూడా అంతే చెయ్యండి. గివ్ ఇట్ సాక్స్!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ అందరికంటే ఎక్కువసేపు కొట్టింది. కొడుకు అంత బాగా మాట్లాడటం ఆమె అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

భోజనాల దగ్గర ఒక అమ్మాయి పళ్లెం పట్టుకుని పెద్దమ్మ పక్కన కూర్చుంది. తన పట్టా ప్రదానానికి ఊరి నుంచి అమ్మను పిలిపించుకోవాలని ఆశ. ఆ అమ్మ ఎప్పుడూ జిల్లా దాటలేదు.

“అమ్మమ్మా, వీసాకు హైదరాబాద్‌లో ఏమేం అడిగారు? మా అమ్మ భయపడుతోంది.”

“భయమెందుకు బిడ్డా? ఏమడుగరు. కాయిదాలు చూస్తరు, ఫొటో దీస్తరు. వేళ్లు పెట్టుమంటరు, గంతే,” అంది పెద్దమ్మ. “నాకు గా వేళ్లకాడనే జెర సేపు పట్టింది.”

“ఎందుకు?”

“మిషన్ మీద నాలుగేళ్లు కలిపి పెట్టుమన్నది ఆడికూసున్న పిల్ల. పెట్టిన. పచ్చ బుగ్గ ఎలగాలెనట, ఎర్రదే ఎలుగుతాంది. తుడుసుకోమన్నది. తుడుసుకున్న. ఏదో నూనె లెక్క రాసింది. గట్టిగ ఒత్తుమన్నది. ఒత్తిన. బొటనేలు, చిటికెనేలు, అన్ని అయినయి. వస్తలేవు. మా వాడకట్టుల అందరిది గదే కథ బిడ్డా. ఆధార్‌కాడ గంతే, పింఛన్‌కాడ గంతే. ఆకు ఒత్తీ ఒత్తీ గీతలు పోతయి.”

అన్నం వడ్డిస్తున్న తమ్ముడు గరిటె గిన్నెలో అలాగే ఉంచేశాడు. టీపాయ్ మీద ఉన్న అమ్మ ఫోను వైపు చూశాడు.

“మరి ఎలా అయింది అమ్మమ్మా?” అంది అమ్మాయి.

“ఆ పిల్ల మంచిది పాపం. నా చెయ్యి గామె చేతులకు తీస్కోని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ‘అమ్మా, నీ వేళ్ల మీద ఏం మిగల్లేదమ్మా’ అన్నది. ‘ఎటు పొయ్యిందమ్మా అంత?’ అని అడిగింది.”

“మీరేమన్నారు?”

“ఏమంట బిడ్డా? ఉన్నదే చెప్పిన. ఐర్లాండ్‌ల ఉన్నది తల్లీ, ఎమ్మెస్సీ చదివింది, చూసొద్దామనే గీ వీసా అడుగుతున్న అన్న.”